చేతులు ఊపే మనిషి ఏం చేస్తాడు? ఒకే సింఫనీ, ఐదు రికార్డులు

2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా తన సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన పొడుగాటి కృతి) ‘వేలియంట్’ వినిపించినప్పుడు ఆ క్లిప్పులు మా విజయనగరం ఫోన్లలో కూడా తెగ తిరిగాయి. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ నేనొకటి మా మాస్టారికి చూపించాను. మాస్టారంటే మృదంగం మాస్టారు. చిన్నప్పుడు నేను వయొలిన్ మీద సరళీస్వరాలు గీకుతుంటే పక్క గదిలోంచి ఆయన శిష్యుల తదిగిణతోం వినిపించేది. నా వయొలిన్ మూడేళ్లకే అటకెక్కింది గానీ ఆయనతో స్నేహం మాత్రం మిగిలింది.

ఆయన క్లిప్పు రెండుసార్లు చూశారు. గ్లాసు పక్కన పెట్టారు.

“రాసింది రాజా. వాయిస్తున్నది వాళ్లు. మరి మధ్యలో పుల్ల పట్టుకున్నాయన ఏటి చేస్తున్నట్టు?”

“కండక్టరండి. మికెల్ టామ్స్ అని.”

“కండక్టరా! టిక్కెట్లు కొడతాడేటి?”

నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆయన మొదట అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. వేదిక మీద డెబ్భై ఎనభై మంది కూర్చున్నారు. అందరూ ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లే. ఎవరు ఏది వాయించాలో పొల్లు పోకుండా రాసిన కాగితం ప్రతి ఒక్కరి ముందూ ఉంది. ఇంకా ఆ పుల్లాయన ఎందుకు? దీని వెనకే ఇంకో చిక్కు ప్రశ్న వస్తుంది. జర్మన్ స్వరకర్త బెతోవెన్ అయిదో సింఫనీ ఒక్కదానికే వందల రికార్డులున్నాయి. స్వరాలు మారనప్పుడు అన్ని రికార్డులెందుకు? ఒకటి కొనుక్కుంటే చాలదా?

మాస్టారికి దీనికి జవాబు చెప్పడానికి మూడు సాయంత్రాలు పట్టింది. అందులో సగం నేను చెప్పింది, సగం ఆయన తొడ మీద తాళం వేస్తూ తనంతట తాను కనిపెట్టింది.

మనకు దగ్గరగా ఉన్నదానితోనే మొదలుపెట్టాను. పెళ్లిలో జీలకర్ర బెల్లం అయింది, మాంగల్యధారణ దగ్గరపడింది. సన్నాయి వాళ్లు ఒక పక్క ఏదో నెమ్మదిగా వాయించుకుంటున్నారు. పురోహితుడు ఒక కంట గడియారం, ఒక కంట పెళ్లికొడుకు చేతులు చూస్తూ ఉండి, సరిగ్గా ఆ క్షణానికి చెయ్యెత్తి “గట్టిమేళం! గట్టిమేళం!” అంటాడు. డోలు, సన్నాయి ఒక్కసారిగా విరుచుకుపడతాయి. పురోహితుడు డోలు ముట్టుకోలేదు, సన్నాయి ఊదలేదు. అయినా ఆ మేళం ఎప్పుడు, ఎంత జోరుగా మోగాలో నిర్ణయించింది ఆయనే. మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో తప్పెటగుళ్లు ఆడేవాళ్లను చూడండి. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని పదిహేను ఇరవై మంది ఎగురుతుంటే అడుగు మారే ముందు బృందం నాయకుడు ఒక కేకో సైగో ఇస్తాడు. అది అందకపోతే కాళ్లు చిక్కుపడతాయి.

“అయితే మేళంలో ఎవరో ఒకరు సైగ చెయ్యాలి, అంతే కదా,” అన్నారు మాస్టారు. “దానికి వేరే మనిషెందుకు? వాయించేవాళ్లలోనే ఒకడు తల ఊపితే చాలు.”

నిజమే. రెండు మూడు వందల ఏళ్ల కిందట యూరప్‌లో జరిగింది అదే. మొదటి వయొలిన్ వాయించేవాడు కమాను ఎత్తి చూపించేవాడు, లేకపోతే హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత వాద్యం) దగ్గర కూర్చున్నవాడు తల ఊపేవాడు. ఫ్రాన్సులో లూలీ అనే ఆస్థాన విద్వాంసుడు పెద్ద కర్రతో నేల మీద కొడుతూ తాళం వేసేవాడు. ఒకసారి ఆ కర్ర సొంత కాలి మీదే పడింది, పుండు కుళ్లి 1687లో చనిపోయాడు. కండక్టర్లలో వృత్తి ప్రమాదంతో పోయిన మొదటివాడు ఈయనేనేమో!

మేళం పెరిగేకొద్దీ ఈ పద్ధతి చాల్లేదు. దానికి కారణం సంగీతంలో కంటే శబ్దంలోనే ఎక్కువ ఉంది. మాస్టారికి స్కూలు మైదానం గుర్తు చేశాను. పంద్రాగస్టున జనగణమన పాడేటప్పుడు ముందు వరస ‘జయహే’ దగ్గరుంటే వెనక వరస ఇంకా అంతకు ముందు ముక్కలోనే ఉంటుంది. పిల్లల తప్పేం లేదు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు మాత్రమే పోతుంది. అరవై మీటర్ల వెనకున్నవాడికి ముందువాడి గొంతు సెకనులో ఆరో వంతు ఆలస్యంగా చేరుతుంది. వాడు దాన్ని విని కలుపుకుంటాడు, వాడిని విని ఇంకొకడు కలుపుకుంటాడు. అలా జారిపోతూనే ఉంటుంది.

ఆర్కెస్ట్రా వేదిక అంత పెద్దది కాదు. ముందున్న వయొలిన్లకూ వెనకున్న డ్రమ్ములకూ మధ్య ఇరవై మీటర్లున్నాయనుకుందాం. సెకనులో పదిహేడో వంతు తేడా వస్తుంది. ఇది చెవికి తెలుస్తుంది, ముఖ్యంగా మా మాస్టారి లాంటి చెవికి. అందుకే వెనక కూర్చున్నవాడు చెవిని నమ్మకూడదు, కంటిని నమ్మాలి. చెయ్యి కదలడం అందరికీ ఒకే క్షణంలో కనిపిస్తుంది. అందరి కళ్లకూ ఎదురుగా ఒక మనిషి ఎత్తు మీద నిలబడటానికి మొదటి కారణం ఇదే.

ఆ మనిషి వాయించకుండా ఉండాల్సిన అవసరం ఎంత వచ్చిందో చూడాలంటే 1824 మే 7న వియెన్నాకు వెళ్లాలి. బెతోవెన్ తొమ్మిదో సింఫనీ తొలి కచేరీ. అప్పటికే పూర్తిగా చెవుడు వచ్చేసిన బెతోవెన్ వేదిక మీద నిలబడి చేతులు ఊపుతున్నాడు. వాద్యగాళ్లు మాత్రం అసలు కండక్టరు ఉమ్లౌఫ్ చేతినే చూస్తూ వాయించారు. అంతా అయ్యాక చప్పట్లు కూడా ఆయనకు వినపడలేదు, ఒక గాయని ఆయన్ని జనం వైపు తిప్పిందంటారు. ఆ తర్వాత పదకొండేళ్లకు లైప్జిగ్‌లో స్వరకర్త మెండల్సన్ పగ్గాలు పట్టాక, కర్ర చేత పట్టి మొత్తం ఆర్కెస్ట్రాకు శిక్షణ ఇచ్చే కండక్టరు అనే ఉద్యోగం స్థిరపడింది.

రెండో సాయంత్రం వాళ్ల అరుగు మీద చిన్న బ్లూటూత్ స్పీకరు పెట్టాను. అయిదో సింఫనీ మొదటి భాగం. ప్రపంచమంతా తెలిసిన ఆ నాలుగు స్వరాలు. మాస్టారు వెంటనే స్వరం పట్టేశారు.

“ప ప ప గా... మ మ మ రీ... గాంధారం సాధారణం. కీరవాణేటి?”

పడమటివాళ్లు సి మైనర్ అంటారు. అందులో కాకలి నిషాదం తగిలే చోట్ల నిజంగానే కీరవాణి ఛాయ కనిపిస్తుంది. కానీ ఆయన చూపు స్వరం మీద లేదు, తాళం మీదుంది. తొడ మీద దెబ్బ వేశారు, పాట తప్పింది. మళ్లీ పెట్టించారు. మళ్లీ తప్పింది. మూడోసారి కళ్లు మూసుకుని విన్నారు.

“ఇది సమం మీద లేదు. ముందు చిన్న ఖాళీ ఉంది. అనాగతం!”

ఆ కాగితం మీద సరిగ్గా అలాగే రాసి ఉంటుంది. మొదటి గుర్తు స్వరం కాదు, చిటికెడు మౌనం. ఆ తర్వాత మూడు పొట్టి స్వరాలు, తర్వాత ఆగి నిలబడే పొడుగు స్వరం. మన దేశాది తాళంలో కూడా దెబ్బ పడ్డాక కాస్త ఆగే పాట ఎత్తుకుంటాం, ‘బంటురీతి కొలువు’ ఎవరైనా పాడి చూసుకోవచ్చు. కాకపోతే మన దగ్గర ఆ దెబ్బ పాడేవాడి తొడ మీదే పడుతుంది. అక్కడ అరవై మంది తీగవాద్యాల వాళ్లు, వాళ్లతో క్లారినెట్లు కలిసి, ఏమీ మోగని ఖాళీలో ఒకే దెబ్బను ఊహించుకుని దాని వెనకే ఒక్కటై దూకాలి. ముందు లయ నడుస్తూ లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. కండక్టర్లందరికీ ఈ మొదటి రెండు సెకన్లంటే టెన్షన్.

ఇక్కడే కండక్టరు చేతికీ మన తాళానికీ తేడా బయటపడింది. తాళం వేసే చెయ్యి లెక్క చూపిస్తుంది. లఘువులో ఎన్నవ వేలు, ద్రుతంలో (ఇవి తాళంలోని భాగాలు) దెబ్బా విసురా, ఇప్పుడు ఎక్కడున్నాం అనేది చెబుతుంది. కండక్టరు చెయ్యి శబ్దం కంటే ముందు నడుస్తుంది. అది పైకి లేచేటప్పుడే కిందికి ఎప్పుడు వస్తుందో, ఎంత బరువుగా వస్తుందో, రాబోయే స్వరం మెత్తగా ఉండాలా కొరకొరలాడాలా అన్నీ తెలిసిపోవాలి. గాయకుడు పల్లవి ఎత్తుకోబోతూ ఊపిరి తీసుకుంటాడు చూడండి. పక్క వయొలిన్ ఆయన ఆ ఊపిరిని బట్టే కమాను పెడతాడు. కండక్టరు చెయ్యి పైకి లేవడమంటే ఎనభై మంది తరఫున తీసుకునే ఊపిరి.

“సరే, కుడి చెయ్యి లయ. ఎడమ చెయ్యో?” ఎడమ చేతితో ‘తగ్గించు’, ‘పెంచు’, ‘ఇప్పుడు నువ్వు’ అని సైగలు. నలభై ఖాళీ ఆవర్తాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న ట్రంపెటాయనకు వంతు వచ్చే ముందు ఒక్క చూపు విసిరితే ఆయనకు ఎంత ధైర్యమో! అమెరికా కండక్టరు లెనర్డ్ బెర్న్‌స్టైన్ ఒకసారి వియెన్నా వాళ్లతో హైడన్ సింఫనీ చివరి భాగాన్ని చేతులు కదపకుండా కనుబొమలతో, ముఖంతో నడిపించిన వీడియో ఉంది. మాస్టారికి అది తెగ నచ్చింది. విజయనగరం వాళ్లకు ఇలాంటివి రుచిస్తాయి మరి. ఇక్కడి సంగీత కళాశాల మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు ఒక్క శరీరంతో ఐదు తాళాలు ఒకేసారి నడిపేవారని ప్రసిద్ధి. ఒకాయన ఐదు తాళాలను ఒక ఒంట్లో ఇమిడిస్తే ఇంకొకాయన ఒక తాళాన్ని ఎనభై ఒళ్లలోకి ఎక్కిస్తాడు. ఏది కష్టమో మాస్టారు ఇంకా తేల్చలేదు.

కానీ ఈ చేతుల సంగతంతా కచేరీ రోజు కనిపించే పైపై పని. అసలు పని అంతకు వారం ముందు జరుగుతుంది. వయొలిన్లలో ఏ స్వరానికి కమాను కిందికి లాగాలి, ఏ స్వరానికి పైకి తొయ్యాలి అనేది కూడా ముందే తేల్చుకుంటారు. వాళ్ల వయొలిన్ల గుంపులో కమాన్లన్నీ ఒకేవైపు కదలడం మీరు గమనించే ఉంటారు. అది అందం కోసం చేసింది కాదు, కమాను దిక్కు మారితే స్వరం బరువు మారుతుంది. 1919లో ఇక్కడి కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయిద్యం గురించి మాట్లాడేవాళ్లెవరైనా ముందు ఆయన కమాను గురించే మాట్లాడతారు. ఒక్కరి కమానే అంత ముఖ్యమైతే ముప్పై కమాన్లు ఒక్క మాట మీద ఉండటం ఎంత పనో ఆలోచించండి.

ఇంకా కొన్ని నిర్ణయాలుంటాయి. ఒకటి మాత్రం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇది ఎవరైనా వినగలరు. అయిదో సింఫనీ మొదటి భాగంలో, తొలి అలజడి అయ్యాక హార్న్లు (చుట్టలు తిరిగిన ఇత్తడి బాకాలు) గొంతెత్తి ఒక పిలుపు పిలుస్తాయి. ఆ వెంటనే వయొలిన్లు మెత్తటి రెండో వరస అందుకుంటాయి. తర్వాత అదంతా ఇంకో శ్రుతిలో తిరిగి వస్తుంది. అక్కడ బెతోవెన్ ఆ పిలుపును హార్న్లకు ఇవ్వలేదు, బసూన్లకు ఇచ్చాడు. బసూన్ అంటే పొడుగాటి కర్ర గొట్టం, గొంతు కాస్త బొంగురు. రాజుగారి రాకను చాటాల్సిన చోట ముసలాయన దగ్గినట్టు ఉంటుంది. ఎందుకిలా రాశాడు? అప్పటి హార్న్లకు మీటలు లేవు. ఒక శ్రుతికి బిగించిన హార్న్ ఆ కొత్త శ్రుతిలో ఆ పిలుపు పలకలేదు, గొట్టం మార్చే వ్యవధి లేదు. తర్వాత మీటలున్న హార్న్లు వచ్చాయి. ‘పాపం, ఉంటే హార్న్లకే ఇచ్చేవాడు’ అని చాలామంది పెద్ద కండక్టర్లు దాన్ని హార్న్లకు మార్చేశారు. ‘కాదు, రాసింది రాసినట్టు ఉండాలి, ఆ బొంగురు గొంతు కూడా కావాలనే పెట్టి ఉండొచ్చు’ అని ఇంకో వర్గం. కాగితం ఒక్కటే. రికార్డుల్లో మాత్రం రెండూ వినిపిస్తాయి.

ఇది చెప్పేసరికి మాస్టారు అరుగు మీద సర్దుకుని కూర్చున్నారు. “ఇదా సంగతి! పాఠాంతరం అను మరి.”

నేను ఇన్నాళ్లు ఈ రికార్డుల మీద చదివినదంతా ఆ ఒక్క మాటలోకి వచ్చి కూర్చుంది. త్యాగరాజ కృతి ఒక్కటే. ఒక శిష్యపరంపరలో ఒక సంగతి ఉంటుంది, ఇంకో పరంపరలో ఉండదు. పాట ఎత్తుకునే చోటు (ఎడుపు) మారుతుంది, నడక మారుతుంది. ‘మా గురువుగారి పాఠాంతరం’ అంటాం, గొడవ పడతాం, రెండూ వింటాం. ఎవరూ ‘కృతి ఒక్కటే కదా, ఇన్ని రికార్డులెందుకు’ అని అడగరు. పడమటి సంగీతంలో కాగితం మీద చాలా ఎక్కువ రాసి ఉంటుంది కాబట్టి అక్కడ పాఠాంతరానికి చోటు లేదనుకుంటాం. చోటుంది. వేగంలో, బరువులో, ఏ వాద్యం పైకి తేలాలి ఏది అడుగున ఉండాలి అనేదాంట్లో, ఆగిన స్వరం ఎంతసేపు ఆగాలనే దాంట్లో ఉంది. మన దగ్గర పాఠాంతరం గురువు పేరు మీద ఉంటే అక్కడ కండక్టరు పేరు మీద ఉంటుంది.

అలాగని ఎవరి పాఠాంతరమైనా ఒప్పేసుకోరు. అసలు తగాదా అంతా వేగం దగ్గరే. తాళయంత్రం, అంటే మెట్రోనోమ్ వచ్చాక, బెతోవెన్ 1817లో తన సింఫనీలకు అంకెలు ప్రకటించాడు. అయిదోదాని మొదటి భాగానికి నిమిషానికి 108 ఆవర్తాలు. ఆ భాగంలో మొత్తం 502 ఆవర్తాలు, అందులో మొదటి 124 రెండుసార్లు వాయించాలి. లెక్క కట్టండి, ఆరు నిమిషాల లోపు. నిలిపే స్వరాలకు ఇంకాస్త కలుపుకోవాలి. ఇంత వేగం అసాధ్యమనీ, ఆయన యంత్రమే చెడిపోయి ఉంటుందనీ చాలాకాలం అన్నారు. తర్వాత ఆ కాలపు వాద్యాలనే వాడి, చిన్న మేళంతో జాన్ ఎలియట్ గార్డినర్ లాంటి కండక్టర్లు దాదాపు ఆ వేగంలోనే వాయించి చూపించారు. 1994లో వచ్చిన ఆయన రికార్డుల్లో తొమ్మిదో సింఫనీ నెమ్మది భాగం పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. అదే భాగం 1951లో బైరాయిట్‌లో జర్మన్ కండక్టరు ఫుర్ట్‌వెంగ్లర్ నడిపినప్పుడు పంతొమ్మిది నిమిషాలు దాటింది. ఏడు నిమిషాల తేడా! మన దగ్గర ఇంత తేడా వస్తే రెండు వేర్వేరు కృతులంటారు.

మాస్టారికి ఫుర్ట్‌వెంగ్లర్ వినిపించాలంటే నాకు ముందే భయం. ఆయన 1947 మే నెలలో, యుద్ధం తర్వాత మొదటిసారి బెర్లిన్ ఆర్కెస్ట్రా ముందుకు తిరిగొచ్చి వాయించిన అయిదో సింఫనీ. అనుకున్నట్టే రెండో నిమిషంలో తొడ మీద చెయ్యి ఆగిపోయింది.

“కాలప్రమాణం నిలబడ్డం లేదు బాబూ.”

నిలబడదు. ఆవేశం పెరిగితే వేగం పెరుగుతుంది, బరువైన చోట కుంగుతుంది. మన దగ్గర ఎత్తుకున్న కాలంలోనే చివరిదాకా నిలబడటం విద్వత్తు. ఫుర్ట్‌వెంగ్లర్‌కు కాలం ఒక నది లాంటిది, సన్నపడ్డ చోట ఉరకాలి. చేతి సైగలు కూడా ఎంత అస్పష్టమంటే, ‘పుల్ల ఆయన చొక్కా మూడో బొత్తాం దాకా వచ్చాక వాయిస్తాం’ అని వాద్యగాళ్లు జోకులు వేసుకునేవారట. ఆ అస్పష్టత వల్లే ఆ బెర్లిన్ శబ్దం గోడలా కూలుతున్నట్టు వస్తుందని నా నమ్మకం. అందరూ ఒకరినొకరు విని, భయపడి, కలిసి దూకుతారు.

ఆయనకు సరిగ్గా ఎదురు ఇటలీ కండక్టరు తోస్కనీనీ. మాస్టారి పార్టీ. 1886లో బ్రెజిల్‌కు ఒక ఒపెరా (పాటల నాటకం) బృందంతో పందొమ్మిదేళ్ల చెల్లో కుర్రాడిగా వెళ్లి, అనుకోకుండా కండక్టరు లేని రాత్రి ‘ఐదా’ ఒపెరాను కాగితం చూడకుండా నడిపించి రాత్రికి రాత్రే పేరు తెచ్చుకున్నవాడు. చూపు మందం, అందుకే జీవితమంతా అన్నీ కంఠతా పట్టాడు. బెతోవెన్ మూడో సింఫనీలో కొందరు నెపోలియన్‌ను వెతుక్కుంటారు, తనకు మాత్రం అది వేగంగా ఉత్సాహంగా వాయించాల్సిన సంగీతం, అంతే అన్నాడని చెబుతారు. అమెరికాలో ఆయన కోసమే 1937లో ఒక రేడియో ఆర్కెస్ట్రా పెట్టారు. వాళ్లతో చేసిన రికార్డుల్లో గీత గీసినట్టు ఉంటుంది లయ. శబ్దం మాత్రం పొడిగా, ఇరుకు గదిలో వాయించినట్టు వస్తుంది. నాకది గొంతుకు అడ్డం పడుతుంది. మాస్టారికి అదేం పట్టలేదు. (ఫాసిస్టుల గీతం వాయించనన్నందుకు తోస్కనీనీ 1931లో ఇటలీలో దెబ్బలు తిన్నాడు. ఫుర్ట్‌వెంగ్లర్ హిట్లర్ కాలం దాదాపు అంతా జర్మనీలోనే ఉండి వాయించాడు. ఇద్దరి రికార్డులూ వినేవాళ్లు ఈ సంగతి తెలిసే వింటారు, దాని మీద గొడవా ఇంకా తెగలేదు.)

రికార్డు అంటే అక్కడి శబ్దం యథాతథంగా మన దగ్గరికి రావడం కాదని కూడా గుర్తుంచుకోవాలి. అయిదో సింఫనీని పూర్తిగా రికార్డు చేసిన తొలి పెద్ద కండక్టరు ఆర్తూర్ నికిష్, 1913లో, బెర్లిన్ ఆర్కెస్ట్రాతో. అప్పటికి మైకు లేదు. పెద్ద గరాటు ముందు కొద్దిమంది ఇరుక్కుని వాయించాలి, ప్లేటుకు ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పడుతుంది. వింటే అటక మీద చీమలు కచేరీ చేస్తున్నట్టు ఉంటుంది. 1925 నుంచి మైకులొచ్చాయి, 1948లో లాంగ్ ప్లే వచ్చింది, తర్వాత టేపు వచ్చి తప్పు పోయిన ముక్క కోసి మంచి ముక్క అతికించడం మొదలైంది. స్టూడియో రికార్డులో మనం వినే సింఫనీ ఏ రోజూ ఆ రూపంలో ఏకధాటిగా మోగి ఉండకపోవచ్చు. చెలిబిడాకే అనే రుమేనియా ఆయన ఇందుకే స్టూడియో రికార్డులే వద్దన్నాడు, ఆయన కచేరీ టేపులు చాలావరకు 1996లో ఆయన పోయాక బయటికొచ్చాయి. ఆస్ట్రియా కండక్టరు కరాయన్ దానికి పూర్తిగా ఎదురు. బెతోవెన్ తొమ్మిది సింఫనీలనూ నాలుగుసార్లు రికార్డు చేశాడు, ఒకసారి లండన్‌లో, మూడుసార్లు బెర్లిన్‌లో, ప్రతి కొత్త టెక్నాలజీకీ ఒకటి. 1960ల మొదట్లో చేసింది వినండి. 1980ల్లో చేసింది పాలరాయి మీద నూనె రాసినట్టు ఉంటుంది, నా చెవి జారిపోతుంది.

ఈ పేర్లన్నీ మగవాళ్లవే, తెల్లవాళ్లవే అని మీకు అనిపించే ఉంటుంది. ఆ గుత్తాధిపత్యం చాలాకాలం అలాగే నడిచింది. ఒక పెద్ద అమెరికన్ ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకురాలిగా ఒక మహిళ, మారిన్ ఆల్సప్, రావడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది. మన దేశం నుంచి జుబిన్ మెహతా. 1936లో బొంబాయిలో పుట్టాడు, తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, ఇజ్రాయెల్ ఆర్కెస్ట్రాలను దశాబ్దాలు నడిపాడు. రవిశంకర్ రెండో సితార్ కన్చెర్టో రికార్డును కూడా ఆయనే నడిపాడు. సితార్, ఆర్కెస్ట్రా కలిసిన ఆ రికార్డు మన చెవికి మంచి మెట్టు.

నా సొంత పక్షపాతం చెప్పాలంటే కార్లోస్ క్లైబర్. వియెన్నా ఫిల్హార్మనిక్‌తో 1974లో రికార్డు చేసిన అయిదో సింఫనీ. ఈయన తండ్రి ఎరిక్ క్లైబర్ కూడా గొప్ప కండక్టరే, 1953లో ఆమ్‌స్టర్‌డామ్ ఆర్కెస్ట్రాతో ఇదే అయిదో సింఫనీ రికార్డు చేశాడు. కొడుకు సంగీతంలోకి రాకూడదని తండ్రి కోరిక, జ్యూరిక్‌లో కెమిస్ట్రీ చదువులో పెట్టాడు. కొడుకు నిలవలేదు. వచ్చాక ఏం చేశాడు? ఒప్పుకున్న కచేరీలు రద్దు చేసుకోవడం, కొద్ది కృతులే మళ్లీ మళ్లీ చెక్కడం. ఇంట్లో ఫ్రిజ్ ఖాళీ అయితేనే క్లైబర్ కచేరీకి ఒప్పుకుంటాడని కరాయన్ వేళాకోళం చేసేవాడట. చేసిన రికార్డులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తండ్రి రికార్డు, కొడుకు రికార్డు పక్కపక్కన వింటే పాఠాంతరం అన్న మాటకు ఇంకా వేరే ఉదాహరణ అక్కర్లేదు. వేగంలో, ముక్కుసూటి నడకలో తండ్రి కనిపిస్తాడు. ఆ నడక లోపల తీగలు స్ప్రింగులా బిగుసుకుని వదులవడం మాత్రం కొడుకు సొంతం.

మూడో సాయంత్రం పద్ధతిగా విందామని కూర్చున్నాం. నికిష్, తోస్కనీనీ, ఫుర్ట్‌వెంగ్లర్, క్లైబర్, గార్డినర్. ఐదుగురు, మొదటి భాగం ఒక్కటే. మీరూ ఇలా చెయ్యాలనుకుంటే మొత్తం సింఫనీ ఐదుసార్లు వినకండి, విసుగొస్తుంది. ఫోన్లో వెతికేటప్పుడు బెతోవెన్ పేరు ఒక్కటే కొడితే ఏదో ఒకటి వచ్చి పడుతుంది. సింఫనీ నంబరు, కండక్టరు పేరు, సంవత్సరం మూడూ కలిపి కొట్టాలి. ఒక యాప్‌లో ఫుర్ట్‌వెంగ్లర్ అని పెట్టినది వేరొకరిది అని నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. అప్పటికే దాన్ని నలుగురికి పొగిడి ఉన్నాను.

మొదట ఆగే స్వరాలు విన్నాం. బెతోవెన్ రెండో ఆగుడుకు ఒక ఆవర్తం ఎక్కువ కలిపి రాశాడు, అంటే అది మొదటిదానికంటే పొడుగ్గా ఉండాలి. ఫుర్ట్‌వెంగ్లర్ అక్కడ ఇల్లు కట్టుకుని కూర్చుంటాడు. గార్డినర్ తలుపు తట్టి వెళ్లిపోతాడు. తర్వాత ఆ హార్న్ పిలుపు, అది తిరిగొచ్చినప్పుడు హార్నా బసూనా అని పందెం కాశాం. మాస్టారు రెండుసార్లు గెలిచారు.

అసలు చోటు ఆ రెండు పిలుపుల మధ్యలో వస్తుంది. మొదటి వరస తిరిగి వచ్చి, మేళమంతా కోపంగా ముందుకు తోసుకుపోతుండగా, హఠాత్తుగా అందరూ ఆగిపోతారు. ఒక్క ఒబో మిగులుతుంది. అది సన్నటి గొంతుతో, తాళం లేకుండా, కిందికి జారుతూ నాలుగు మాటలు చెబుతుంది. పది పదిహేను సెకన్లు. ఒబో మన సన్నాయికి దూరపు చుట్టం, రెండూ జంట రెల్లు పీక ఉన్న వాద్యాలే. నిప్పులు కక్కుతున్న కీరవాణి మధ్యలో ఎవరో ఒంటరిగా ఆలాపన ఎత్తుకున్నట్టు ఉంటుంది. ఆ కాసేపూ కండక్టరు చేసే పని చెయ్యి దించి, ఆ ఒక్కరినీ పాడనివ్వడం. తర్వాత మళ్లీ అందరినీ ఒక్క దెబ్బలో లోపలికి లాగాలి.

ఐదుగురివీ ఆ చోటు వరకు జరిపి జరిపి విన్నాం. క్లైబర్ రికార్డులో ఆ ఒబో వచ్చినప్పుడు మాస్టారు తొడ మీద చెయ్యి తీసేశారు. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ పెట్టాను. వీధిలో ఎవరిదో స్కూటర్ పోయింది, కాస్త ఆగి ఇంకోసారి పెట్టించారు.

“ఈ సన్నాయాయన పేరేటి?”

ఫోన్లో ఆల్బం అట్ట తెరిచి చూపించాను. బెతోవెన్ పేరుంది, క్లైబర్ పేరుంది, ఆర్కెస్ట్రా పేరుంది. మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని తెర పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి మూలమూలా వెతికారు.

“రాయలేదేటి?” అన్నారు. “మళ్లీ పెట్టు.”